సున్నం పూసిన పన్ను

అనగనగా ఒక అడవిలో జంబన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఏ అడవి అని అడక్కండర్రా, అడవి గుమ్మానికి పేరు రాసి ఉండదు. జంబన్నకి తేనె అంటే ప్రాణం. తిన్నాక మూతి తుడుచుకునేవాడే గానీ ఏ రోజూ నోరు పుక్కిలించిన పాపాన పోలేదు. అలా ఉండగా కుడివైపు దవడపన్ను పుచ్చింది. దీనికి జంబన్న తప్ప ఇంకెవరూ ఆశ్చర్యపోలేదు.

సరిగ్గా అప్పుడే వాగు అవతలి నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల పేరు సింగారి. చీమల పుట్ట తవ్వడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు సాటి లేదు. జంబన్న ఆమెను ఒక్కసారి వాగు దగ్గర చూశాడు. అప్పట్నుంచి తేనె తింటున్నా ఆమే గుర్తొచ్చేది. జంబన్న విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

అయితే ఎలుగుబంట్లకి ఒక ఆచారం ఉంది. పెళ్లిచూపుల్లో పిల్లవాడు పెద్దవాళ్ల ముందు నోరు బార్లా తెరిచి పళ్లు చూపించాలి. ఇప్పపూలు రాలే నాటికి చూపులు పెట్టుకున్నారు. అంటే ఇంకా మూడు నెలలు.

జంబన్న వీరమ్మత్త దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ వడ్రంగి పిట్ట. చెట్లలో పురుగు తీసినట్టే పళ్లలో పుచ్చు తీస్తుంది.

ఆవిడ జంబన్న నోట్లో తల పెట్టి చూసి, బయటికొచ్చి, "చిన్న గుంటే నాయనా. పుచ్చంతా గీకేసి నింపుతాను" అంది.

"దేంతో నింపుతావత్తా?"

"పంటి రంగు మందుంది. పెట్టాక పన్నేదో మందేదో నాకే తెలీదు. కాకపోతే తడి తగలకూడదు. పొర మీద పొర వేసి ఎండ పట్టించాలి. అందాకా నోరు తెరుచుకుని కూర్చోవాలి. అంత ఓపిక లేదంటావా, లోహం మందు ఉంది. నల్లగా కనిపిస్తుంది గానీ మొండిది. ఈ రెండూ వద్దని పుచ్చుని పెంచి పెద్ద చేశావనుకో, వేరు దాకా శుభ్రం చేసి పైన తొడుగు వెయ్యాలి. అదీ దాటిపోతే ఇక పీకడమే."

"పంటి రంగుదే వెయ్యి" అని జంబన్న నోరు తెరిచాడు.

వీరమ్మత్త ముక్కుతో ఒక్క దెబ్బ వేసింది. టక్! ఆ చప్పుడు కొండకి తగిలి తిరిగొచ్చింది. దూరంగా ఒక నెమలి, "ఎవరికో పన్ను పుచ్చినట్టుందే" అంది.

జంబన్న ఠక్కున నోరు మూశాడు. వీరమ్మత్త తల అప్పటికే బయటికి తీసేసింది, ఆవిడ అదృష్టం.

"అత్తా, ఈ చప్పుడు వాగు అవతలికి వినిపిస్తుందా?"

"గాలి అటు ఉంటే వినిపిస్తుంది."

"అయితే నాకొద్దు. సింగారి వాళ్లకి తెలిస్తే నా పరువేం కాను!"

"నువ్వు ఆగినా పుచ్చు ఆగదు నాయనా" అంది వీరమ్మత్త. జంబన్న వింటేగా!

దారిలో కొండముచ్చు పాపయ్య బండ మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. సంగతంతా విని నవ్వాడు. "ఇంతేనా బావా! సున్నంలో తుమ్మజిగురు కలిపి వేలితో అద్దేస్తాను. టక్కూ లేదు, టిక్కూ లేదు."

"మరి లోపలి పుచ్చు?"

"లోపలికి ఎవడు తొంగి చూస్తాడు బావా?"

ఆ మాట జంబన్నకి తెగ నచ్చింది. పాపయ్య సున్నం అద్దాడు. చురుక్కుమని మండింది. మండితే పనిచేస్తున్నట్టే అన్నాడు పాపయ్య.

మొదటి నెల పన్ను తళతళలాడింది. రెండో నెల వాగు నీళ్లు తగిలితే చాలు, నొప్పి చెవి దాకా లాగింది. జంబన్న నీళ్లు ఎండలో పెట్టుకుని తాగాడు. మూడో నెల బుగ్గ వాచింది. ఒక పక్క నుంచి చూస్తే జంబన్న, ఇంకో పక్క నుంచి చూస్తే ఎవరో పెద్దాయన. సున్నం ఊడినప్పుడల్లా పాపయ్య మాత్రం శ్రద్ధగా మళ్లీ అద్దుతూనే ఉన్నాడు.

చూపుల రోజు వచ్చింది. సింగారి వాళ్ల బాలవ్వ జంబన్న నోట్లోకి చూసి, "పళ్లు బాగానే ఉన్నాయి. ఆ బుగ్గకేమైంది అబ్బాయీ?" అంది.

"తేనెటీగ కుట్టిందవ్వా."

"అయ్యో పాపం" అని బాలవ్వ టేకాకులో తేనెపట్టు పెట్టింది. జంబన్న కొరికాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తేనెపట్టు మైనానికి అతుక్కుని సున్నం ముక్క టప్పున ఆకులో పడింది. వెనకాలే ఒక వాసన కూడా వచ్చింది. దాని గురించి నేను చెప్పను, మీరు ఇంకా అన్నం తినాలి.

సింగారి దగ్గరికొచ్చి తన నోరు తెరిచింది. దవడలో ఒక పన్ను నిండా నల్లటి లోహం!

"నాదీ పుచ్చిందే. నిరుడు వీరమ్మత్తే నింపింది. టక్ టక్ మంటుంటే ఈ గట్టంతా విన్నారు. ఎవరూ చావలేదు" అంది.

జంబన్న సిగ్గుతో కుంగిపోయాడు. "సింగారీ, ఇప్పుడే వెళ్లి బాగు చేయించుకొస్తాను. ఒక్క పూట ఆగు."

"పన్ను సంగతి కాదు నేననేది. అవ్వ ప్రేమగా ఏమైందని అడిగితే తేనెటీగ అన్నావు. రేపు పిల్లకి జ్వరమొచ్చినా, గుహలోకి పాము దూరినా, ఏం లేదని ఇలాగే నవ్వుతావు. నాకు భయంగా ఉంది. అవ్వా, ఈ సంబంధం నాకొద్దు."

జంబన్నకి ఏడుపొచ్చింది. ఈసారి పంటి నొప్పికి కాదు.

వీరమ్మత్త దగ్గరికి వెళితే ఆవిడ చాలాసేపు చూసింది. "నింపుదామంటే పన్ను మిగల్లేదు. తొడుగు వేద్దామంటే మొదలే లేదు" అని పీకేసింది.

తర్వాతి ఏడు సింగారికి పెళ్లయింది. పెళ్లికొడుకు అంత అందగాడేం కాదు. చూపుల్లో నోరు తెరుస్తూనే, "ఇటుపక్క మూడు లేవండీ, ముందే చెబుతున్నా" అన్నాడట. జంబన్న ఆ పెళ్లికి వెళ్లాడు. భోజనం చాలా బాగుందన్నాడు. ఎడమవైపే నమిలాడు.

నీతి: పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే చూపించుకోవాలి, కప్పిపెడితే పన్నుతోపాటు నమ్మకమూ ఊడిపోతుంది.