సగం నెమలి

ఈ సంగతి మొదట చెప్పినవాడు పడుగులు పట్టే జంపని పేరయ్య. జరిగినప్పుడు అక్కడ ఉన్నవాడు అతనే. తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్ళు అల్లి చెప్పుకున్నారు. అలా చెప్పినవాళ్ళలో పడుగుకీ పేకకీ తేడా తెలియని ఘనులూ ఉన్నారు. వాళ్ళ మాట పక్కన పెట్టండి.

కొమ్మమూరు కాలవ ఒడ్డున ఒక నేత సంఘం ఉంది. అక్కడ కంప్యూటర్ల బాగోగులు చూసేవారు కరీముల్లా మాస్టారు. తరతరాలుగా గీసుకున్న అంచులు, కొంగులు, బుటాలు అన్నీ ఆయన కాపలాలో సర్వరులో ఉండేవి. డిజైన్ల గదిలో ఒక సర్వరు, వీధి అవతల నూలు గోదాము మేడమీద ఇంకొకటి. ఒకచోట నిప్పు పడ్డా ఇంకోచోట మిగలాలని ఆ ఏర్పాటు. అమావాస్యనాడు నేతవాళ్ళు మగ్గం ఎక్కరు. ఆ పూట మాస్టారు మొదటి సర్వరులో ఉన్నదంతా రెండోదానిలోకి కొత్త ఫోల్డరుగా ఎక్కించి, ఎవరూ మార్చడానికి వీల్లేకుండా తాళం బిగించేవారు. ఇది ఆయన నియమం.

ఆయన దగ్గర పని నేర్చుకునే నాంచారమ్మకు ఈ నియమం మింగుడు పడలేదు. రేపల్లె అవతల రొయ్యల చెరువుల ఊరినుంచి వచ్చిన పిల్ల. మగ్గం మొహం ఎరగదు గానీ, కంప్యూటరు ముందు కూర్చుంటే పులి.

“నెలవంక చూసుకునే మీకు ఈ అమావాస్య పట్టింపేంటి మాస్టారూ?” అంది ఒకరోజు.

“మగ్గం ఆగిన రోజే కదమ్మా ఫైళ్ళు కదలకుండా కూర్చునేది. పరిగెత్తేవాడికి ఫొటో తీస్తే ఏం పడుతుంది?”

“అమావాస్యదాకా ఆగడం దేనికి? ఇక్కడ గీత గీస్తే ఆ క్షణమే అక్కడా పడేట్టు నేను పెడతాను. మనిషి మరిచిపోతాడు, మిషను మరిచిపోదు. ఉన్నది ఉన్నట్టు, ఆలస్యం లేకుండా కాపీ అయిపోతుంటే, అంతకు మించిన భద్రత ఏముంది చెప్పండి?”

“పెట్టమ్మా. పోయిన అమావాస్యది ఒక్కటి మాత్రం ఉంచు. ముసలాడి చాదస్తం అనుకో,” అన్నారు మాస్టారు.

నాంచారమ్మ పెట్టేసింది. ఇక్కడ గీసిన బుటా టీ గుక్క మింగేలోపు గోదాములో తేలేది. మాస్టారి పాత ఫోల్డర్లు చోటు దండగని తీసేసి, ఆయన అడిగారు కదా అని ఒక్కటి మూలకు నెట్టింది. సంఘం ప్రెసిడెంటు చిన సాంబయ్య వచ్చి చూసి, అంతా తన చలవే అన్నట్టు మీసం దువ్వుకుని వెళ్ళాడు.

దసరాకి ముందు సంఘమంతా బూజులు దులుపుకుంటుంటే, నాంచారమ్మ సర్వరుకూ దులపరింపు మొదలుపెట్టింది. వీరభద్రయ్య అనే పెద్దాయన ఫోల్డరు తెరిచింది. అందులో అన్నీ సగం పువ్వులు, సగం హంసలు, సగం మామిడి పిందెలు. గీస్తూ గీస్తూ విసుగొచ్చి వదిలేసిన చిత్తు ప్రతులనుకుంది. మొత్తం తుడిచేసింది. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. పని చేస్తే నిండా చేసే పిల్ల మరి.

కాసేపటికి పేరయ్య వచ్చాడు. “పడుగు సిద్ధం తల్లీ. వీరభద్రయ్య గారి నెమలి కొంగు తియ్యి.”

“నెమలేంటి పెదనాన్నా? ఆయనవన్నీ సగం సగం గీసి పారేసినవేగా. ఊడ్చేశా.”

పేరయ్య ఉన్నచోటనే చతికిలబడ్డాడు. “సగమే గీస్తారే పిచ్చితల్లీ! రెండో సగం మగ్గమే తిరగేసి నేసుకుంటుంది. ఆ ముసలాయన బతుకంతా అదే కదే! ఆ నెమలి ముగించేసరికే ఆయన చూపు ఆరిపోయింది.”

“కంగారు పడకండి, గోదాములో ఉంటాయి,” అంటూ నాంచారమ్మ రెండో సర్వరు తెరిచింది. అక్కడా లేవు. ఆమె పెట్టిన ఏర్పాటు అంత విధేయమైనది. ఇక్కడ తుడిస్తే అక్కడా తుడిచేసింది, టీ గుక్క మింగేలోపు.

అప్పుడే మాస్టారు లోపలికి వచ్చారు. నాంచారమ్మ లేచి నిలబడింది. “ఆ తాత కళ్ళు రెండోసారి తీసేశాను మాస్టారూ,” అంది.

ఆయన కసరలేదు. “నా చాదస్తం ఏ మూల పెట్టావు?” అని అడిగారు.

మూలనున్న ఫోల్డరు తెరిచారు. పువ్వులున్నాయి, హంసలున్నాయి, పిందెలున్నాయి. నాంచారమ్మ ఒక్కొక్కటీ చూసుకుంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నెమలి మాత్రం లేదు. అది ఆ అమావాస్య దాటాక, నేరుగా తెరమీదే గీసింది.

మాస్టారు ఏమంటారోనని పేరయ్య చూశాడు. ఈలోపే నాంచారమ్మ చెప్పులు వేసుకుని వీరభద్రయ్య ఇంటికి నడిచింది. పేరయ్య వెనకే వెళ్ళాడు. పెద్దాయన గుంట మగ్గం గట్టున కూర్చుని, కనపడని పోగుల్ని వేళ్ళతో తడుముతున్నాడు. ఆమె ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన తడమడం ఆపి మొహం ఆమెవైపు తిప్పాడు.

“ఏ ఊరు నీది?”

“రేపల్లె అవతల తాతా.”

“రొయ్యపిల్లల్ని లెక్కపెట్టే ఊరు. గ్రాఫు కాయితంమీద గళ్ళు లెక్కపెట్టలేవా? తే కాయితం. నేను చెబుతా, నువ్వు పెట్టు.”

ఆయన గాలిలో వేలు తిప్పుతూ చెప్పసాగాడు. “మెడ దగ్గర రెండు గళ్ళు ఎక్కు, ఒకటి దిగు. మళ్ళీ ఎక్కు. ఎంత లావు పెట్టావు?” ఆమె చెప్పింది. “చెరుపు, చెరుపు. నెమలి అడిగాను, బాతు కాదు.” పేరయ్య నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. పొద్దు వాలేసరికి సగం నెమలి లేచి నిలబడింది. నాంచారమ్మ చెయ్యి కాయితం రెండో వైపుకి పోతే, పెద్దాయన ఆ గీకుడు చప్పుడు పట్టేశాడు. “ఆగు. అన్నీ నువ్వే చేస్తే మగ్గానికి పనేముంది?”

పేరయ్య లోపలికొచ్చి కాయితం వెలుతురుకి పట్టి చూశాడు. తోక వంపు పాతదానికన్నా ఒయ్యారంగా ఉందన్నాడు. వీరభద్రయ్య ఒప్పుకోలేదు. “ఆ వంపు నేను చెప్పింది కాదు. బాగుంటే బాగుందను, నాది మాత్రం అనకు. ఈ పిల్లది.”

తర్వాత నాంచారమ్మ ఏర్పాటంతా విప్పి మళ్ళీ కట్టింది. కాపీ దానంతటదే అవుతుంది గానీ, ఇక్కడ తుడిస్తే అక్కడ తుడుచుకుపోదు. ప్రతి అమావాస్య ఫోల్డరూ తనే తాళం వేసుకుని, దేనికది విడిగా ఉండిపోతుంది. అదంతా మాస్టారి ముందు పెట్టి, “అన్నీ కాపీ అవుతున్నాయి, చూడండి. ఇక ఏదీ పోదు కదా?” అంది.

మాస్టారు తెరవైపు చూడకుండా, కుర్చీ ఆమెవైపు జరిపారు.

“అక్కడికి చేరినవి చూపించావు. వాటిలోంచి ఒక్క పువ్వు వెనక్కి ఇక్కడికి తెచ్చి చూపించు.”

ఆ నెమలి చీర ఇప్పటికీ సంఘం అద్దాల బీరువాలో ఉంది. దాని కింద చీటీమీద చిన సాంబయ్య పేరుందట. ఆ రోజు ఆయన ఊళ్ళోనే లేడు. చదువొచ్చినవాళ్ళెవరైనా అటు వెళితే ఆ చీటీ పీకేసి, వీరభద్రయ్య, నాంచారమ్మ అని రాసి పెట్టండి.