పోలమ్మ మాట

విశాఖపట్నంలో మృదుల అనే బొమ్మల కథల చిత్రకారిణి ఉండేది. లోకంలోని ప్రతి అన్యాయం మీదా ఆమెకు కోపం వచ్చేది గానీ, ఎవరి మాటా చివరిదాకా వినే ఓపిక ఉండేది కాదు. నగరంలో చూసినవన్నీ కాగితం మీద గీసి, జిరాక్సు తీయించి, చిన్న పుస్తకంగా మడిచి, బస్టాపుల్లో తానే పంచేది. "నా కలానికి యజమాని లేడు" అని గర్వంగా చెప్పుకునేది.

ఆమె వీధిలో రజతగిరి అనే పెద్ద అపార్ట్‌మెంటు ఉండేది. దాని ముందు పోలమ్మ ఇరవై ఏళ్లుగా చేపలు అమ్ముతోంది. వాసన వస్తోందని, ఆమె లోపలికి రాకుండా వీధి మొదట్లోనే ఇనుప గేటు పెట్టాలని అపార్ట్‌మెంటు సంఘం తలపెట్టింది. వీధి అందరిదీ, గేటు మాత్రం కొందరిది! ఆదివారం సమావేశంలో చేతులెత్తి తేల్చుకుందామన్నారు.

మృదుల రక్తం ఉడికింది. ఆ పూటే పుస్తకం గీసి పంచేసింది. అందులో పోలమ్మ చేపల కత్తి పైకెత్తి, "శ్రమజీవులారా, కదలండి! దోపిడీ కోటలు కూల్చండి!" అని గర్జించింది.

సంఘం కార్యదర్శి గోవర్ధనరావు ఆ బొమ్మను నోటీసు బోర్డుకు అంటించాడు. "చూశారా, కత్తి చూపిస్తోంది!" అన్నాడు. మర్నాడు పోలమ్మ దగ్గరికి ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ రాలేదు.

పోలమ్మ ఆ పుస్తకం పక్క కొట్టులో చదివించుకుని, మృదులను పట్టుకుంది.

"ముక్కు నాది, ముక్కుపుడక నాది. ఆ మాటలెవరివే పిల్లా?"

"నీ తరఫున నేనే రాశాను పిన్నీ. నీకు గొంతునవుదామని..."

"నాకు గొంతు లేదేటి? ఇక్కడ అరిస్తే అయిదో అంతస్తులో పిల్లులు లెగుస్తాయి!"

"అది కాదు పిన్నీ, చారిత్రకంగా చూస్తే..."

"ఓలమ్మో! ముందు కూకో. ఒక్క పూట నోరు మూసుకుని కూకో."

మృదుల ముఖం మాడిపోయింది. అయినా బుట్ట పక్కన కూర్చుంది. ఇంతలో ఒక ముసలమ్మ వచ్చింది. "వంజరం వద్దమ్మా, అది నిన్నటిది. కానాగంతలు పట్టుకెళ్లు" అంది పోలమ్మ. తర్వాత ఎవరికి ముళ్లు పడవో, ఏ ఇంట్లో బాలింతకు పాలు పడాలని పాలసొర తెచ్చిచ్చిందో, గేటు పడితే తన పొయ్యి ఎలా ఆరిపోతుందో చెప్పుకుంటూ పోయింది. మృదులకు తెలిసిన ఏ నినాదంలోనూ ఇంత బలం లేదు.

ఈసారి తాను విన్నవాటినే, కొనేవాళ్లతో సహా బొమ్మలుగా గీసి, మాటల బుడగలు ఖాళీగా వదిలి, పోలమ్మ ముందు పెట్టింది. పోలమ్మ చెప్పింది. మృదుల ఒక్క ముక్క దిద్దకుండా రాసింది. దిద్దాలని చేయి దురద పెట్టినప్పుడల్లా పెదవి కొరుక్కుంది.

ఆదివారం ఆ పుస్తకం సమావేశంలో చేతులు మారింది. తమ బొమ్మలు చూసుకుని జనం నవ్వారు. చివరి పేజీ దగ్గర మాత్రం నవ్వులు ఆగిపోయాయి. అందులో పోలమ్మ ఇలా అంటోంది: "వాసనొస్తాదా? వస్తాది. మీ మురుగూ ఈ ఈదిలోంచే పోతాది. నానెప్పుడైనా ముక్కు మూసుకున్నానా?"

గోవర్ధనరావు లేచాడు. "ఇవన్నీ కట్టుకథలు!"

"కట్టుకథలా? మన కోడలికి వానలో పాలసొర తెచ్చిచ్చింది ఎవరు? మీరా?" అంది ఆయన భార్య.

గేటు కావాలన్నవాళ్లు చేతులెత్తమంటే గోవర్ధనరావు చెయ్యి ఒక్కటే లేచింది. భార్య వైపు చూసి అదీ దించేశాడు. మర్నాడు తొమ్మిదింటికల్లా పోలమ్మ బుట్ట ఖాళీ అయింది. గేట్ల బెడద ఉన్న మరో నాలుగు వీధులవాళ్లు ఆ పుస్తకం జిరాక్సు తీసుకుని పంచుకున్నారు.

నీతి: అన్యాయానికి గురైనవారి నోట మన మాటలు కుక్కకూడదు, వారి మాట విని, దాన్నే లోకానికి వినిపించాలి.