కాకి ఎత్తుకుపోయిన మూడు వడియాలు

అనగనగా, ఎండలు దండిగా కాసే ఒక ఊళ్ళో, వరాలు అని ఒక పిల్ల ఉండేది. అచ్చం నీలాంటిదే. పాలు తాగమంటే పరుగు, కథ అంటే ఎదురు పరుగు. ఊఁ కొట్టు మరి.

ఆ వరాలుకి ఏడో ఎక్కం అంటే హడల్. బళ్ళో లేపి అడిగితే ఏడు మూళ్ళ దాకా వచ్చి, ఆ పైన నోరు పెగిలేది కాదు. పిల్లలు నవ్వేవాళ్ళు. "శనివారం మళ్ళీ అడుగుతా" అన్నారు పంతులమ్మగారు. అంతే, వరాలు అన్నం మానేసింది. "నేనింక బడికి పోనమ్మా" అని మంచం కింద దూరింది.

వాళ్ళమ్మ నాంచారమ్మ ఏనాడూ పలక పట్టలేదు. ఎక్కం ఎలా చెప్పాలో ఆవిడకేం తెలుసు? అలాగని పిల్ల ఏడుస్తుంటే చూస్తూ ఊరుకుంటుందా?

అప్పుడు ఏం చేసిందంటే, పొద్దున్నే డాబా మీద పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. వరుసకి ఏడే పెట్టింది, గడుసుది! ఒంటిపూట బడి కదా, మధ్యాహ్నం పిల్లని కాపలా కూర్చోబెట్టింది. "కాకి ఒక్కటి ఎత్తుకుపోయినా నాకు లెక్క తెలియాలి" అంది.

మొదటి రోజు వరాలు ఒక్కోటీ లెక్కపెట్టింది. కాకి కావుమంది, లెక్క తప్పింది, మళ్ళీ మొదటికొచ్చింది. "ఒక్కోటీ ఏం చూస్తావే, వరుసలు చూడు" అంది అమ్మ.

రెండో రోజు వరుసకో గెంతు గెంతింది. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది. తప్పినా వాళ్ళమ్మ కసరలేదు. "మళ్ళీ ఆ చివర్నుంచి రా తల్లీ" అనేది, అంతే.

మూడో రోజు ఎనిమిది వరుసలు. వరాలు గొడుగు కింద కూర్చుని కాస్త కునుకు తీసింది. దొంగ కాకి మూడుసార్లు వచ్చింది, మూడు వడియాలు ఎత్తుకుపోయింది.

"ఎన్నున్నాయే?" అని కింద నుంచి అమ్మ కేక. వరాలు ఉలిక్కిపడి లేచింది. వరుసలు చూసింది, ఖాళీలు చూసింది. "యాభై ఆరుకి మూడు తక్కువమ్మా! యాభై మూడు!"

అమ్మ గబగబా మెట్లెక్కి వచ్చింది. తిడుతుందనుకుంది వరాలు. ఆవిడేమో పిల్లని పట్టుకుని ముద్దులే ముద్దులు.

ఆ తర్వాత శనివారం వచ్చింది. "ఏడెనిమిదులు?" అన్నారు పంతులమ్మగారు. వరాలు కళ్ళు మూసుకుంది. డాబా కనిపించింది, పాత చీర కనిపించింది.

"యాభై ఆరు టీచర్! కాకి ఎత్తుకుపోకపోతే!"

బడంతా నవ్వింది. ఈసారి అందరికంటే గట్టిగా వరాలే నవ్వింది.

వడియాలు డబ్బాకి,
కాకమ్మ గూటికి,
కథేమో కంచికి,
మన కళ్ళు నిద్దరకి.