ఒకవైపే అరిగిన రింగులు

"ఈ బండి పొట్టలోకి ఇక చుక్క నీరు రాదు, పూచీ మాది" అని అలల మీద నడిచే జెట్‌స్కీని అమ్మిన కంపెనీ ఆగస్టులో రాసిచ్చింది. నవంబరు వచ్చేలోగా కంపెనీవాళ్లే మూడు సీళ్లు మార్చారు. మూడూ పోయాయి, నాలుగోది బిగించారు. మొన్న ఆదివారం బాపట్ల దిగువ తీరంలో ఒకామె అలల్లో చిక్కుకుంటే, కాపలా ఈతగాడు యోహాను ఆ బండి మీదే బయల్దేరాడు. సగం దూరంలో లోపలికి నీరెక్కి ఇంజను ఆగిపోయింది. వేట నుంచి తిరిగొస్తున్న పడవవాళ్లు చూశారు కాబట్టి ఆమె బతికింది.

మర్నాడు యోహాను బండిని ట్రైలరు మీద మస్తాన్ మేస్త్రీ షెడ్డుకు తెచ్చాడు. తీరిక దొరికినప్పుడల్లా ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్నాడు. జేబులో కంపెనీకి రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఉంది. మౌనం నేరంలో భాగస్వామి అనీ, ప్రశ్నే ప్రజల ఆయుధమనీ అందులో నిప్పులు కురిపించాడు. ఇరవై నాలుగున కార్తీక పౌర్ణమి, స్నానాలకు వేలమంది వస్తారు. అందుకే ఇరవైలోగా జవాబు కావాలని గడువు పెట్టాడు. అదంతా మేస్త్రీకి చదివి వినిపించాడు.

"మేస్త్రీగారూ, తప్పెవరిదో తేలకుండా బాగుచేస్తే తప్పును కప్పిపెట్టినట్టు కాదా?"

అడిగినదానికి నోటితో జవాబిచ్చే అలవాటు మేస్త్రీకి లేదు. చేతికేదో పని అప్పగిస్తాడు. ఆ రోజు ఒక గుడ్డా, ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా ఇచ్చాడు. "తడి లేకుండా తుడువు. తర్వాత లోపలంతా చల్లు."

"బండికి పెళ్లిచూపులా?"

"దానిక్కాదు, నీకు. చల్లు."

ఇంజను నుంచి వెనక పంపుకు పోయే షాఫ్టు పొట్టగోడను దాటేచోట, నీటిని ఆపే నల్లటి కార్బన్ రింగు ఉంటుంది. దాన్నే సీలంటారు. దాని చుట్టూ, పక్క గోడల మీదా యోహాను పౌడరు చల్లాడు. ట్రైలరును షెడ్డు పక్క కాలువలోకి దించారు. పావుగంట చూసినా పౌడరు తడవలేదు. అప్పుడు మేస్త్రీ ఇంజను తిప్పమన్నాడు. నిమిషం తిరగకుండానే రింగుకు ఎదురుగా రెండు గోడల మీదా పిచికారీ కొట్టినట్టు తడిగీత పడింది.

"చూశారా, నాలుగోదీ పోయింది. నాసిరకం సరుకు," అన్నాడు యోహాను. అతని గొంతులో కోపం కన్నా గెలుపే ఎక్కువగా ఉంది.

"నిలబడ్డప్పుడు కారనిది తిరిగితేనే ఎందుకు కారింది?"

యోహాను మళ్లీ వంగి ఆ తడిగీతను చూశాడు. మేస్త్రీ ఇంజను ఆపించి, బండిని గట్టెక్కించి, కంపెనీవాళ్లు తీసేసి బండి పెట్టెలోనే వదిలేసిన పాత రింగులు మూడూ అతని అరచేతిలో పెట్టాడు. ప్రతిదీ ఒకవైపే అరిగి ఉంది. రెండోవైపు కొత్తదానిలా నున్నగా మెరుస్తోంది.

"ఇప్పుడు ఇంజను పట్టుకుని పైకెత్తు."

కదలకూడని ఇంజను ఎడమవైపు వేలెడంత లేచింది. దాన్ని మోసే రబ్బరు మౌంటు నిలువునా చీలిపోయి ఉంది. ఇంజను ఒరిగితే షాఫ్టు వంకర తిరుగుతుంది. వంకర తిరిగే షాఫ్టు ఎంత మంచి రింగునైనా నమిలేస్తుంది.

"సీలు మార్చినవాళ్లు ఇది చూడాలి కదండీ."

"చూడాలి. చూడలేదు. అదీ రాయి."

ఆ మాటంటూనే మేస్త్రీ వంగి బండి అడుగున చెయ్యి పెట్టాడు. యోహాను కూడా తడిమాడు. ముక్కు నుంచి నడుము దాకా ఇసుక గీసిన గాట్లు వేళ్లకు గరగరా తగిలాయి. రోజూ సాయంత్రం ఇంజను ఆపకుండా బండిని ఒడ్డు మీదికి దూకించి దిగడం, జనం ఈలలు వెయ్యడం అతనికి గుర్తొచ్చాయి. మౌంటు చీలింది ఆ కుదుపులకే. నీళ్లలోనే ఆపి ఇద్దరు పట్టుకుని లాగాలని మొదటి రోజు మేస్త్రీయే చెప్పాడు.

యోహాను జేబులోంచి ఉత్తరం బయటికి తీశాడు. "చింపెయ్యనా?"

"ఎందుకు? కష్టపడి రాశావు." మేస్త్రీ కొత్త మౌంటు వెతకడానికి లేచాడు. "జవాబివ్వాల్సినవాళ్ల పేరు రాసేచోట కంపెనీ కింద ఇంకో గీత ఖాళీగా ఉంచు. నాకు రెండు జవాబులూ కావాలి. నవంబరు ఇరవైలోగా."