నూనె గుడ్డ

నాలుగు రోజులు తుపాను వానలో నిలబడిపోయిన కారు. ముందు చక్రం ఊడదీసి ఉంది. వంగి లోపల బ్రేకు డిస్కు చూడండి. ఏం కనబడింది? తొందరేం లేదు, సరిగ్గా చూసే చెప్పండి.

తుప్పే కదా? పళ్ళెం నిండా ఇటుక పొడి చల్లినట్టు.

సవరయ్యకీ అదే కనబడింది. చూసి, కారు పక్కనే కూలబడ్డాడు.

అతనికి నలభై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళు జూట్ మిల్లులో మగ్గం నడిపాడు. ఒక ఉదయం షిఫ్టుకి వెళ్తే గేటుకి తాళం, తాళం పక్కన ఒక కాగితం. మిల్లు తెరవాలని ఏడాదిన్నర ఆ గేటు ముందు టెంటులో కూర్చున్నాడు. ఆ తరవాత ఏ పనికి పోయినా, "ఇన్నాళ్ళు ఖాళీగా ఉన్న చెయ్యి, ఇంకేం పనికొస్తుందిలే" అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కడూ ఒక్క పూట మగ్గం ముందు నిలబడి ఎరగడు! చివరికి భీమిలి బీచ్ రోడ్డులో కార్ల షెడ్డు నడిపే లతీఫ్ ఒక్కడే, ఏమీ అడక్కుండా పానా చేతిలో పెట్టాడు.

ఆరు నెలలైంది. ఇంకా నట్లు చేతిలోంచి జారుతున్నాయి. నేర్చుకున్నది తెల్లారేసరికి మరిచిపోతున్నాడు. ఈరోజు మానేస్తానని చెప్పడానికే వచ్చాడు. అందుకే టిఫిను సంచి మేకుకి తగిలించకుండా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

పోయే ముందు ఈ ఒక్క పనీ చేసి పోదామనుకున్నాడు. మిల్లులో ఆగిన మగ్గానికి తుప్పు పడితే ఏం చెయ్యాలో అతని చేతికి బాగా తెలుసు. నూనె గుడ్డ అందుకున్నాడు.

గుడ్డ డిస్కుకి జానెడు దూరంలో ఉండగా లతీఫ్ వచ్చి మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"తుప్పు ఉస్తాదూ. తుడిసేత్తన్నాను."

"నూనెతోనా? తుడువు. తుప్పు పోతుంది, కారు మాత్రం ఆగదు. తిన్నగా సముద్రంలోకే."

సవరయ్య గుడ్డ కింద పడేశాడు. "నా వల్ల కాదు ఉస్తాదూ. నా సెయ్యి పాడైపోనాది. నానెలిపోతాను."

"వెళ్దువుగానిలే. ముందు గోరుతో గీకు."

"దేన్ని?"

"నీ బుర్రని కాదులే, డిస్కుని."

గీకాడు. ఎర్రటి పొడి అంటుకుంది. గోరు మాత్రం ఎక్కడా దిగబడలేదు.

"గుంటలు పడుంటే మార్చేద్దుం. పడలేదు. చక్రం బిగించి తోలు," అని లతీఫ్ పక్క సీట్లో కూర్చున్నాడు.

బీచ్ రోడ్డు మీద మొదటిసారి బ్రేకు తొక్కగానే రాళ్ళు నూరినట్టు గరగరమంది. సవరయ్య బెదిరి కాలు తీసేశాడు.

"అరుత్తంది ఉస్తాదూ!"

"నాలుగు రోజులు నిలబెడితే అరవదా మరి? మెల్లగా తొక్కు. వదులు. మళ్ళీ తొక్కు."

నాలుగోసారికి చప్పుడు తగ్గింది. పదోసారికి అలల హోరు తప్ప ఏమీ వినబడలేదు.

షెడ్డుకి తిరిగొచ్చాక సవరయ్య చక్రం సందులోంచి చూశాడు. డిస్కు తళతళలాడుతోంది. వేలు పెట్టబోయాడు.

"కాలుతుంది," అన్నాడు లతీఫ్.

సవరయ్య వేలు వెనక్కి తీసుకున్నాడు. నీరసంగా అడిగాడు. "ఈ ఉప్పు గాలికి రేపటేల మళ్ళీ పట్టేత్తాది కదా?"

"పడుతుంది." లతీఫ్ బల్ల మీద కూర్చుని వాచిన వేళ్ళ కణుపులు నొక్కుకుంటున్నాడు. "పొద్దున లేస్తే నాకీ వేళ్ళు ముడవవు. పదేళ్ళయింది. మొదటి నట్టు విప్పేదాకా అంతే."

సవరయ్య ఆ వేళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. వంగి సంచి తీసి, మేకుకి తగిలించి, రెండో కారు దగ్గరికి నడిచాడు.

ఇతను ఒక్కడు. ఆ మిల్లు గేటు ముందు టెంటులో ఇంకా నాలుగు వందల మంది ఉన్నారు. ఆ దారిన మీరు రోజూ పోతూనే ఉంటారు. వాళ్ళని చూసినప్పుడు మీకేం కనబడింది?