ముసుగులో మౌలాలి

మౌలాలికి ఇక ఎవరి కష్టమూ వినబుద్ధి కావడం లేదు.

ఆయన పనే వినడం. కుందూ నది ఒడ్డున ఉస్సేన్ పీరా తాత చావిడి అని ఒకటి ఉండేది. అక్కడ తాయెత్తులు కట్టరు, ఊదీ ఇవ్వరు, జాతకం చూడరు. మనసు బరువెక్కినవాళ్ళు వస్తారు. లోపలి గదిలో చాప మీద కూర్చుని చెప్పుకుంటారు. ఎదురుగా కూర్చున్నాయన వింటాడు. అడిగితే ఒక మాట చెబుతాడు, అడక్కపోతే అదీ లేదు. అంతే అక్కడి వైద్యం. నవ్వకండి, ఆ మాత్రం వైద్యానికే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బస్సులెక్కి వచ్చేవాళ్ళు. గురువారమైతే పందిట్లో చోటుండేది కాదు.

తాతకు వయసు మీదపడ్డాక ఆ చాప ఎదురుగా తన శిష్యుడు మౌలాలిని కూర్చోబెట్టాడు. మౌలాలి మెత్తటి మనిషి. వచ్చినవాళ్ళు ఏడిస్తే తనకూ కన్నీళ్ళొస్తాయి. అన్నం మానేస్తాడు గానీ మనిషిని వెనక్కి పంపడు. పొద్దుగూకి తలుపు వేసుకునే వేళకు ఎవరైనా పరుగెత్తుకొస్తే మళ్ళీ తలుపు తీస్తాడు. జనం ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాళ్ళు. అది ఆయన చెవినా పడేది. పడితే కాస్త బాగానే ఉండేది.

అట్లాంటి మనిషికి ఏడాదిగా ఏదో అయింది. ఎదుటివాళ్ళు చెబుతుంటే పెదవులు కదలడం కనపడుతుంది, మాట లోపలికి పోదు. ఒకాయన తమ్ముడి మోసం గురించి చెబుతుంటే ఈయన పైకప్పు వాసాలు చూస్తూ కూర్చున్నాడు. ఇంకొకామె ఏడుస్తుంటే, త్వరగా ముగిస్తే బాగుండు అనిపించింది. అనిపించినందుకు సిగ్గేసింది. పడుకుంటే కలలో ఎవరెవరి కోడళ్ళో ఎవరెవరి అత్తలతోనో పోట్లాడుకునేవాళ్ళు. పొద్దున లేచేసరికి రాత్రంతా పంచాయితీ చేసినంత అలసట.

ఒకరోజు ఇంట్లో భార్య ఖాసింబీ, "పప్పులో ఉప్పు తక్కువైనట్టుంది" అంది.

మౌలాలి తల ఊపి, "ఎప్పటినుంచి అట్లా అనిపిస్తోందమ్మా?" అన్నాడు.

ఖాసింబీ గరిటె కింద పెట్టింది. "నేను నీ పెళ్ళాన్ని. చాప మీదికి వచ్చినదాన్ని కాదు" అంది.

ఆ మాటతో మౌలాలి ఒక నిర్ణయానికి వచ్చాడు. తెల్లారితే గురువారం. జనం రాకముందే తాత దగ్గరికి పోయాడు. తాతకు పళ్ళు లేవు. చిన్న రోట్లో తమలపాకు, వక్క వేసి దంచుకుంటున్నాడు.

"తాతా, ఇంక నావల్ల కాదు. పొయ్యొస్తా."

"యాడికి?"

"నంద్యాలకు. మా బావకు రైసు మిల్లుంది కదా. కాటా దగ్గర కూర్చోమంటున్నాడు."

"కాటా దగ్గర ఏముంటాయి?"

"వడ్ల బస్తాలు. బస్తాలు ఏడవవు తాతా."

తాతకు ఆ మాట నచ్చింది. బోసినోటితో నవ్వాడు. "అది నిజమే. నీకు వద్దనిపించేది ఈ పనా, ఈ అలసటా?"

"రెండూ ఒకటే కదా."

"ఒకటే అయితే మంచిదే. పనిని ఇక్కడ వదిలేస్తే అలసట కూడా ఇక్కడే దిగిపోతుంది. నువ్వొక్కడివే బస్సెక్కొచ్చు."

ఉండు నాయనా, నువ్వు లేకపోతే ఎట్లా అని తాత బతిమాలతాడనుకున్నాడు మౌలాలి. తాతేమో మళ్ళీ వక్క దంచుకుంటున్నాడు.

ఆఖరికి మౌలాలే అన్నాడు. "నేను పోతే వీళ్ళందరి గతేంది తాతా? అది తలుచుకునే ఇన్నాళ్ళూ ఆగినా."

రోకలి ఆగింది.

"వాళ్ళతో కూర్చున్నావా ఎప్పుడైనా?"

"రోజూ కూర్చుంటూనే ఉన్నా కదా."

"ఎదురుగా కాదు, పక్కన." తాత తన కంబళి తీసి ఆయన మీదికి విసిరాడు. "ఈ పొద్దు లోపల నేను కూర్చుంటా. నువ్వు పందిట్లో కూర్చో. నోరు తెరవొద్దు. నీ వంతు వచ్చినప్పుడు రా."

ఆ చావిడిలో ఒక మర్యాద ఉంది. సొంత ఊరివాళ్ళ కంట పడతామని కొందరు ముసుగేసుకుని వస్తారు. అట్లా వచ్చినవాళ్ళను ఎవరూ పలకరించరు, ముఖంలోకి తొంగి చూడరు. ఎవరు నువ్వు అని అడిగితే అడిగినవాళ్ళకే మర్యాద లేనట్టు. కాబట్టి మౌలాలి కంబళి కప్పుకుని గోడవారగా కూర్చుంటే ఎవరూ పట్టించుకోలేదు. ఆయన ముందర మద్దిలేటి అనే ట్రాక్టర్ డ్రైవరు, ఓబుళమ్మ అనే పెద్దావిడ. ఆయన వెనక సుంకులమ్మ, ఇంకా చిన్న వయసే. ముగ్గురూ మౌలాలికి తెలిసినవాళ్ళే. ముగ్గురి కష్టాలూ ఆయనకు తెలుసు. తెలుసనే అనుకున్నాడు.

"ఈ పొద్దు లోపల తాతే ఉన్నాడంట" అన్నాడు మద్దిలేటి.

"మరి మౌలాలి?" అంది ఓబుళమ్మ.

"ఒంట్లో బాగలేదేమో."

"బాగుండటానికి ఆ ఒంట్లో ఏముంది, పుల్లలు." ఓబుళమ్మ మూటలోంచి వేయించిన శనక్కాయలు తీసి అందరికీ తలా గుప్పెడు పెట్టింది. ముసుగు మనిషి ఒళ్ళోనూ చూడకుండా ఒక గుప్పెడు పోసింది. "పోయినసారి నా కోడలి సంగతి చెప్పుకుందామని పోయినా. మొదలుపెట్టినానో లేదో, ఆయప్ప ముఖం వాడిపాయ. ఇంకేం చెప్పేది? తిన్నావా నాయనా అని నేనే అడిగి, రెండు మంచి మాటలు చెప్పి వచ్చినా."

మద్దిలేటి నవ్వాడు. "నేనైతే పంచేసుకున్నా పెద్దమ్మా. చిన్న కష్టాలు మౌలాలికి, పెద్దవి ట్రాక్టర్‌కు."

"ట్రాక్టర్‌కేందిరా?"

"దున్నేటప్పుడు ఇంజను చప్పుడులో గట్టిగా అరిచి చెప్పుకుంటా. ఎవరికీ వినపడదు. అదైతే తట్టుకుంటుంది."

పందిట్లో చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కంబళి కింద మౌలాలి చెవులు వేడెక్కాయి. లేచి ముసుగు తీసేద్దామా అనుకున్నాడు. తాత నోరు తెరవొద్దన్నాడు గదా అని ఊరుకున్నాడు.

ఓబుళమ్మ వెనక్కి తిరిగింది. "ఏమ్మా, నువ్వు గమ్మునున్నావు? మొన్న కూడా వచ్చినట్టున్నావే."

"వచ్చినా పెద్దమ్మా. బర్రె సంగతి చెప్పి పోయినా" అంది సుంకులమ్మ.

"బర్రెకేమైంది?"

"ఏం కాలే."

ఓబుళమ్మ శనక్కాయ వలవడం ఆపింది.

సుంకులమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "చెప్పాల్సింది వేరే ఉంది. వచ్చినప్పుడల్లా అదే చెప్పాలని వస్తా. ఆయన కళ్ళు చూస్తే నోరు రాదు. మునిగిపోతున్న మనిషి నెత్తిన నేనొక రాయి పెట్టినట్టుంటుందని, మా బర్రె పాలియ్యడం లేదు అని చెప్పేసినా."

"ఆయప్పేమన్నాడు?"

"చానాసేపు మాట్లాడినాడు పాపం. పత్తి గింజలు పెట్టమన్నాడు."

"పెట్టినావా?"

"పెట్టినా. ఇప్పుడు ఇదివరకటికంటే ఎక్కువిస్తాంది."

నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కొంగు కళ్ళకు పెట్టుకుంది. "ఈ పొద్దు కూడా చెప్పకుండా తిరిగిపోతే, ఇంక ఎన్నడూ చెప్పలేనేమో పెద్దమ్మా" అంది.

ఓబుళమ్మ ఏమిటని అడగలేదు. ఆ పిల్ల చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

మౌలాలికి ఆ బర్రె బాగా గుర్తుంది. ఆ రోజు పొద్దున్నుంచీ ఏమీ తినకుండా, తల పగిలిపోతున్నా ఓర్చుకుని, ఆమె కోసం కూర్చున్నాడు. రాత్రి ఖాసింబీతో, ఇంత చిన్నదానికి కూడా నా ప్రాణం తింటారు అన్నాడు.

మద్దిలేటి లోపలికి పోయి వచ్చాడు. ఓబుళమ్మ పోయి చాలాసేపటికి వచ్చింది. కోడలి సంగతి మొత్తం చెప్పినట్టుంది, ముఖం తేటగా ఉంది. తర్వాత ముసుగు మనిషి వంతు.

గదిలోకి పోయి కంబళి తీసి పక్కన పెట్టాడు. తాత చాప వైపు చెయ్యి చూపించాడు. మౌలాలి ఆ చాప మీద కూర్చుని ఎన్ని ఏళ్ళయిందో. అక్కడినుంచి చూస్తే తాత ముఖం వేరేగా ఉంది. అందులో జాలి లేదు, తొందర లేదు. రాత్రి బాగా నిద్రపోయి లేచిన మనిషి ముఖం.

"చెప్పు నాయనా, ఏం కష్టం?" అన్నాడు తాత, కొత్తవాళ్ళను అడిగినట్టే.

మౌలాలి చెప్పాడు. మొదట మెల్లగా చెప్పాడు, తర్వాత ఆపుకోలేక చెప్పాడు. "ఒక్కోసారి వీళ్ళంటే నాకు అసహ్యమేస్తుంది తాతా. గురువారం వాన రావాలని దువా చేస్తా, ఎవరూ రాకుండా."

"వచ్చిందా వాన?"

"ఒకసారి వచ్చింది. తడుచుకుంటా వచ్చినారు."

తాత నవ్వలేదు, మందలించలేదు. ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చూశాడు. లేదు, అయిపోయింది.

బయట ఎవరో దగ్గారు. మౌలాలి ఉలిక్కిపడి తలుపు వైపు చూశాడు.

"సుంకులమ్మ ఉంది తాతా. అసలు మాట నాకు చెప్పనే లేదంట. ఈసారి నేను సరిగ్గా వింటా. ఆమెను నాకు వదిలెయ్యండి."

"నువ్వొద్దు" అన్నాడు తాత.

"అయితే మిల్లుకు పొమ్మంటారా?"

"పోయి పడుకో."

"పోవాలో ఉండాలో తేల్చుకోవాలి గదా తాతా."

"అది నిద్ర లేచినోడు తేల్చుకుంటాడు. నువ్వెవరు చెప్పేదానికి?"

మౌలాలి బయటికి వచ్చాడు, ఈసారి ముసుగు లేకుండా. పందిట్లో అందరూ చూశారు. మద్దిలేటి ఏదో అనబోయాడు. ఓబుళమ్మ వాడి మోకాలి మీద ఒకటి వేసింది. తన మూట అవతలికి జరిపి, గోడవారగా చోటిచ్చింది. మౌలాలి అక్కడే నేల మీద ఒరిగాడు.

సుంకులమ్మ ఆయన పక్కనుంచి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

కాసేపటికి లోపలినుంచి ఏడుపు వచ్చింది. మౌలాలి ఎదురుగా కూర్చుని ఎవరూ ఎన్నడూ అంత గట్టిగా ఏడవలేదు.

మౌలాలి మోచేతి మీద లేచాడు. తలుపు వైపు చూశాడు. కొంతసేపు అట్లాగే ఉన్నాడు.

తర్వాత గోడ వైపు తిరిగి తల వాల్చాడు. ఆ ఏడుపు ఇంకా ఆగకముందే నిద్రపోయాడు.