కాకి ముట్టని ముద్ద

అనగనగా ఒక ఎండల ఊరు తల్లీ. ఆ ఊళ్ళో మాణిక్యమ్మ, ఆవిడ మొగుడు భద్రయ్య ఉండేవాళ్ళు. అక్కడ ఏటికేడు ఎండ ముదిరిపోతూ వచ్చింది. చివరికి పొద్దున్నే బిందె ముట్టుకున్నా చెయ్యి చుర్రుమనేది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం భద్రయ్య గేదెను వెతకబోతానన్నాడు. మాణిక్యమ్మ వద్దంది. వినకపోయేసరికి నాలుగు తిట్టింది. ఆయన మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు. వడదెబ్బ కొట్టి చేలోనే పోయాడు, పాపం.

ఆ తర్వాత పెద్దకర్మ వచ్చింది. ఆ రోజు పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి గోడమీద ఉంచుతారు. కాకి వచ్చి ముట్టుకుంటే ఆయన తృప్తిగా వెళ్ళినట్టు. ముట్టకపోతే అలిగినట్టు. అప్పటిదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరు.

అందరూ కా కా అని పిలిచారు. కాకి రాలేదు. అప్పుడు కూతురు సుభాషిణి వేడివేడిగా గారెలు వేసి పెట్టింది. రాలేదు. ఆ తర్వాత కొడుకు వీరాస్వామి, బాబాయితో తగువు మానేస్తానని ఆకాశానికి దణ్ణం పెట్టాడు. దానికీ రాలేదు. ఆ తర్వాత బావమరిది ఒక చుట్ట వెలిగించి విస్తరి పక్కన పెట్టాడు. చుట్ట కాలిపోయింది గానీ కాకి జాడ లేదు.

అప్పుడు చుట్టాలంతా మాణిక్యమ్మ వంక చూశారు. ఆవిడేమో, తిట్టి పంపానని ఆయన కోపం ఇంకా పోలేదు కాబోలు అనుకుంది. ఎక్కడ అలిగి కూర్చున్నాడో తనే వెళ్ళి బతిమాలుకుంటానని, విస్తరి పట్టుకుని ఎండలోకి నడిచింది. పిల్లలు గొడుగు తీసుకుని వెనకాల పరిగెత్తారు.

ఊరి చివర పశువులు నీళ్ళు తాగే తొట్టి ఉంది. అక్కడికి వెళ్ళి మాణిక్యమ్మ కొయ్యబారిపోయింది. కాకులమ్మా! ఊళ్ళో కాకులన్నీ ముక్కులు తెరుచుకుని, రెక్కలు పరుచుకుని తొట్టి చుట్టూ చచ్చి పడున్నాయి. నీళ్ళుంటాయనుకుని వచ్చాయి, పిచ్చివి. తొట్టిలో చుక్క లేదు. చెబుతుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తోంది.

మాణిక్యమ్మ వంగి ఒక కాకి రెక్క సర్దింది. మొగుడికి తన మీద కోపం లేదని తెలిసింది. కానీ ఆ తెలిసిన తీరుకి ఏడవాలో ఊరట పడాలో తోచలేదు. అప్పుడు కొడుకు చేత గొయ్యి తవ్వించి కాకులన్నిటినీ పూడ్పించింది. ఆ మట్టిమీదే విస్తరి పెట్టింది. పెట్టి తలెత్తి చూస్తే ఆకాశంలో ఒక్క రెక్క లేదు.

"మరి వీటికి పెట్టింది ముట్టడానికి ఎవరొస్తార్రా?" అని అడిగింది.



కథ పోయె కంచికి, నువ్వు పో నిద్రకి. నాకేమో కునుకు రాదు కంటికి.